వాస్కో డ గామా జీవితం - సముద్రయాత్రలు

కేరళ రాష్ట్రంలో కోళిక్కోడ్ నగరానికి ఉత్తరంగా, సముద్రపుటొడ్డున కాప్పాడ్ అనే చిన్న గ్రామం ఉన్నది. 1498లో వాస్కో డ గామా అక్కడ దిగినట్లు తెలిపే స్తంభం ఒకటి ఆ గ్రామంలో నిలిచి ఉన్నది. పాఠశాలలో చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ ఈ సంవత్సరం కంఠస్థమే. భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు ఒక్క పేరుతో ముగిసిపోతుంది. అయితే ఆ ఒక్క పేరు వెనుక ఎందరు నావికుల శ్రమ, ఎన్ని తరాల అనుభవం, ఎన్ని ప్రాణాల నష్టం దాగి ఉన్నవో తెలుసుకొనాలి. ఆ మార్గం తెరచుకొన్న తరువాత ఆ సముద్రాన్ని నమ్ముకొని జీవించిన ప్రజలకు ఏమి సంభవించిందో కూడా తెలుసుకొనాలి. అప్పుడే ఆ జవాబు సంపూర్ణమవుతుంది.

గామాకు పూర్వం హిందూ మహాసముద్రం

ఐరోపా వాసులకు కొత్తదైన ఈ సముద్రం దాని తీరవాసులకు కొత్తది కాదు. వేసవి చివర నైరుతి నుండి, శీతకాలంలో ఈశాన్యం నుండి వీచే ఋతుపవనాల రహస్యం అరబ్బులకు, గుజరాతీలకు, మలబారు వర్తకులకు, ఆఫ్రికా తూర్పు తీరంలోని స్వాహిలీ ప్రజలకు వందల సంవత్సరాలుగా తెలిసినదే. మలబారు మిరియాలు, గుజరాతు వస్త్రాలు, ఆఫ్రికా బంగారం, ఏనుగు దంతం, చైనా పింగాణీ, మొలక్కా దీవుల లవంగాలు ఈ సముద్రం మీదుగా రేవు నుండి రేవుకు సాగుతూ ఉండేవి. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా కాలికట్ రేవులో పెద్ద పెద్ద చైనా ఓడలను చూశాడు. 1405-1433 సంవత్సరాల మధ్య చైనా నౌకాధిపతి ఝెంగ్ హే ఏడు పర్యాయాలు మహా నౌకాదళంతో ఈ సముద్రాలలో సంచరించాడు. కాలికట్ అతనికి ముఖ్యమైన మజిలీ. 1442లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అదే రేవుకు వచ్చి, అక్కడ వర్తకుల సరకుకు లభించే భద్రతను ఎంతగానో మెచ్చుకొన్నాడు.

ఈ భద్రత ఒక్క కాలికట్‌కే పరిమితమైనది కాదు. ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవులో కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. తాము అట్లా చేయబోమని, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని ఆ శాసనం విదేశీ వర్తకులకు హామీ ఇచ్చింది. సముద్రం మీద దొంగల భయం లేకపోలేదు. రాజుల మధ్య యుద్ధాలు లేకపోలేదు. కాని నడిసముద్రం తన సొంత ఆస్తి అని, తన అనుమతి లేనిదే ఇతరులు దానిమీద ప్రయాణించరాదని ఆ కాలంలో ఈ ప్రాంతపు రాజులు సాధారణంగా అనుకొనలేదు. గామా రాకవలన కలిగిన మార్పును గ్రహించడానికి ఈ సంగతి గుర్తుంచుకొనడం అవసరం.

పోర్చుగల్ అన్వేషణ

మలబారు మిరియాలు ఐరోపా చేరడానికి ఆ రోజులలో ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టుకు, అక్కడి అలెగ్జాండ్రియా రేవు నుండి వెనిస్ నగరానికి పోవలసి ఉండేది. ప్రతి మజిలీలోను సుంకం, ప్రతి చేతిలోను లాభం చేరి, చివరకు కొనేవానికి వాటి ధర ఎన్నో రెట్లు పెరిగేది. ఐరోపా పడమటి కొసన అట్లాంటిక్ సముద్రానికి ఎదురుగా ఉన్న చిన్న రాజ్యం పోర్చుగల్. ఈ వ్యాపారంలో దానికి భాగం లేదు. మిరియాలు పండే దేశానికి ఆఫ్రికాను చుట్టి నేరుగా వెళ్ళగలిగితే మధ్యవారితో పని ఉండదని ఆ దేశపు పాలకులు ఆలోచించారు. ఇస్లాం రాజ్యాలతో తరతరాల వైరం, తూర్పున ఎక్కడో ఒక క్రైస్తవ చక్రవర్తి ఉన్నాడన్న నమ్మకం కూడా వారిని ముందుకు నడిపించాయి.

ఈ ప్రయత్నం ఒక్కరోజులో జరిగినది కాదు. 1415లో పోర్చుగీసువారు ఉత్తర ఆఫ్రికాలోని స్యూటా పట్టణాన్ని పట్టుకొన్నారు. ఆ తరువాత రాకుమారుడు హెన్రీ ప్రోత్సాహంతో వారి నౌకలు ఆఫ్రికా పడమటి తీరం వెంట కొద్దికొద్దిగా దక్షిణానికి సాగాయి. 1434లో బొజదోర్ అగ్రాన్ని దాటారు. దానికి ఆవల ప్రయాణం అసాధ్యమని అంతవరకు నావికులు భయపడేవారు. 1480 తరువాత దియోగో కావ్ కాంగో నదీముఖం చేరుకొన్నాడు. 1488లో బార్తలోమ్యూ డయాజ్ ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి, తూర్పు తీరం చూసి, నావికులు ముందుకు పోవడానికి నిరాకరించగా తిరిగి వచ్చాడు. ఆ కొసకే గుడ్‌హోప్ అగ్రమని పేరు వచ్చింది. 1487లో పేరో ద కోవిల్యా అనే రాజోద్యోగి మారువేషంతో భూమార్గాన బయలుదేరి, కన్ననూరు, కాలికట్, గోవా రేవులను స్వయంగా చూశాడు. ఈ అన్వేషణతో పాటే మరొక దారుణం కూడా పెరిగిందని మరువరాదు. 1440 తరువాతి సంవత్సరాల నుండి ఆఫ్రికా ప్రజలను బానిసలుగా పట్టి తెచ్చి పోర్చుగల్‌లో అమ్మడం ఒక వ్యాపారంగా స్థిరపడింది.

1492లో కొలంబస్ స్పెయిన్ పక్షాన అట్లాంటిక్ దాటాడు. 1494లో టోర్డెసిల్లాస్ ఒప్పందం ద్వారా స్పెయిన్, పోర్చుగల్ దేశాలు కొత్తగా కనుగొనే భూములను తమలో తాము పంచుకొన్నాయి. ఆ భూములలో నివసించే ప్రజలను అడిగినవారు లేరు. 1495లో పోర్చుగల్ సింహాసనమెక్కిన రాజు మాన్యుయల్ తుది ప్రయత్నానికి పూనుకొన్నాడు.

నాయకుని ఎంపిక

వాస్కో డ గామా పోర్చుగల్ దక్షిణ భాగాన సీనెస్ అనే చిన్న రేవు పట్టణంలో 1460-1469 సంవత్సరాల మధ్య జన్మించాడు. సరియైన సంవత్సరం గూర్చి ఏకాభిప్రాయం లేదు. తండ్రి ఎస్తెవావ్ డ గామా ఆ పట్టణపు కోటకు అధికారి. గామా బాల్యం గూర్చి చరిత్రలో మిగిలినది స్వల్పం. 1492లో ఫ్రెంచివారు ఒక పోర్చుగీసు ఓడను దోచుకొనగా, దానికి ప్రతిగా రేవులలోని ఫ్రెంచి ఓడలను స్వాధీనం చేసుకొనే పని రాజు ఇతనికి అప్పగించాడు. గామా ఆ పనిని చురుకుగా, కఠినంగా నెరవేర్చాడు. అతని స్వభావంలోని పట్టుదల, కాఠిన్యం రెండూ అప్పుడే బయటపడ్డాయి.

యాత్రకు నాలుగు ఓడలు సిద్ధమయ్యాయి. సావ్ గాబ్రియేల్ నౌకలో గామా, సావ్ రాఫాయేల్ నౌకలో అతని అన్న పావులో డ గామా, బెరియో నౌకలో నికొలావ్ కొయెల్యో నాయకులు. నాలుగవది ఆహార పదార్థాలు మోసే ఓడ. మొదటి రెండు ఓడల నిర్మాణాన్ని డయాజ్ స్వయంగా పర్యవేక్షించాడు. తాను వెళ్ళినప్పటి చిన్న కారవెల్ ఓడలు మహాసముద్రపు అలలకు చాలవని అతడు అనుభవం మీద తెలుసుకొని ఉన్నాడు. నావికులు, సైనికులు కలిసి సుమారు 150 నుండి 170 మంది. వారిలో అరబ్బీ భాష తెలిసిన ఫెర్నావ్ మార్తిన్స్ అనే దుబాసీ ఉన్నాడు. ప్రమాదకరమైన చోట్ల ముందుగా ఒడ్డుకు పంపడానికి శిక్షపడిన నేరస్థులు కొందరిని కూడా ఓడలలో ఎక్కించారు.

మొదటి యాత్ర: అట్లాంటిక్‌లో అర్ధచంద్రాకారపు దారి

1497 జూలై 8వ తేదీన ఓడలు లిస్బన్ సమీపంలోని రెస్తెలో నుండి బయలుదేరాయి. ఆగస్టు 3న కేప్ వెర్డి దీవులు విడిచిన తరువాత గామా ఆఫ్రికా తీరాన్ని అంటిపెట్టుకొని పోలేదు. భూమధ్యరేఖకు దక్షిణాన తీరం వెంట వీచే గాలులు ఓడలకు ఎదురు. అందుచేత అతడు నడిసముద్రంలోకి పడమరగా, నైరుతిగా చాలా దూరం పోయి, దక్షిణాన పడమటి గాలులు అందిన తరువాత తూర్పుకు తిరిగాడు. దూరం పెరిగినా గాలి అనుకూలించింది. తరువాతి శతాబ్దాలలో తెరచాప ఓడలన్నిటికీ ఇదే రహదారి అయినది.

ఈ దారిలో మూడు నెలలకు పైగా వారికి నేల కనిపించలేదు. కొలంబస్ కనారీ దీవులు విడిచి మళ్ళీ నేల చూసేసరికి 36 రోజులు మాత్రమే పట్టిందని గుర్తు చేసుకొంటే ఈ సాహసం ఎంతటిదో అర్థమవుతుంది. నవంబర్ 4న తీరం కనిపించింది. నవంబర్ 22న ఓడలు గుడ్‌హోప్ అగ్రం దాటాయి. కొద్దిరోజుల తరువాత మోసెల్ అఖాతంలో ఆహారపు ఓడను విప్పివేసి, సరకును మిగిలిన మూడు ఓడలలోకి మార్చారు. క్రిస్మస్ నాటికి చేరుకొన్న తీరానికి, పోర్చుగీసు భాషలో ఆ పండుగ పేరైన నటాల్ అనే పేరు పెట్టారు.

1498 జనవరి నెలాఖరులో, నేటి మొజాంబిక్ దేశంలోని ఒక నదీముఖం వద్ద ఓడలు మరమ్మతుల కొరకు నెలరోజులు ఆగాయి. అక్కడే స్కర్వీ వ్యాధి విజృంభించింది. కాళ్ళు చేతులు వాచి, చిగుళ్ళు పళ్ళను కప్పివేసేటంతగా ఉబ్బి, రోగులు ఆహారం నమలలేక మరణించారు. తాజా పండ్లు, కూరలు లేని ఆహారమే దీనికి కారణమని అప్పటికి శాస్త్రీయంగా తెలియదు. 1747లో జేమ్స్ లిండ్ అనే బ్రిటిష్ నౌకా వైద్యుడు నారింజ, నిమ్మ పండ్లతో ఈ వ్యాధి నయమవుతుందని ప్రయోగం చేసి చూపాడు. విటమిన్ సి లోపమే దీనికి మూలమని 20వ శతాబ్దంలో నిర్ధారణ అయినది.

ఆఫ్రికా తూర్పు తీరం - పేరు తెలియని మార్గదర్శి

మొజాంబిక్ దీవి చేరిన గామా బృందం ఆశ్చర్యపడింది. అక్కడ అరబ్బీ మాట్లాడే సంపన్న వర్తకులు, దిక్సూచులు, సముద్రపు పటాలు గల ఓడలు వారికి కనిపించాయి. తాము వెతుకుతున్న ప్రపంచపు గుమ్మంలో నిలిచామని వారికి అర్థమయింది. అయితే స్నేహం నిలువలేదు. అనుమానాలు పెరిగి, చివరకు ఫిరంగులు పేలాయి. మొంబాసాలోను అదే అనుభవం. ఏప్రిల్ మధ్యలో చేరిన మలిందీలో మాత్రం ఆదరణ లభించింది. మొంబాసాతో వైరం ఉన్న మలిందీ పాలకునికి కొత్త మిత్రులు అవసరమయ్యారు.

మలిందీ రేవులో భారతదేశపు ఓడలు నాలుగు ఉన్నవి. వాటిలోని వారిని పోర్చుగీసువారు క్రైస్తవులుగా భావించారు. ఆ నావికులు కృష్ణనామం పలుకగా క్రీస్తు నామమని వీరు పొరపడి ఉంటారని పలువురి ఊహ. గామాకు ఇక్కడ లభించిన అత్యంత విలువైన సహాయం ఒక మార్గదర్శి. ఈ వ్యక్తి సుప్రసిద్ధ అరబ్బు నావికా శాస్త్రజ్ఞుడైన అహ్మద్ ఇబ్న్ మాజిద్ అని చాలా కాలం చెప్పుకొన్నారు. ఆధునిక పరిశోధకులు దీనిని అంగీకరించడం లేదు. 16వ శతాబ్దపు పోర్చుగీసు చరిత్రకారులు అతనిని గుజరాతీ నావికుడుగా పేర్కొన్నారు. అతని పేరు గూర్చి నిశ్చయంగా చెప్పగల ఆధారం లేదు. ఏప్రిల్ 24న బయలుదేరిన ఓడలను అతడు సరియైన ఋతువులో, సరియైన దిశలో నడిపించి, 23 రోజులలో అరేబియా సముద్రాన్ని దాటించాడు. మే 18న మలబారు కొండలు కనిపించాయి. మే 20న ఓడలు కాప్పాడ్ సమీపంలో లంగరు వేశాయి. యాత్రలోని కడపటి భాగం గామా కనుగొన్నది కాదు. ఆ దారి తెలిసినవాడు అతనికి చూపినది.

కాలికట్‌లో మూడు నెలలు

మొదట ఒడ్డుకు పంపబడినవాడు శిక్షపడిన నేరస్థులలో ఒకడు. నగరంలో అతనికి ఎదురైనవారు ట్యునీషియా దేశపు వర్తకులు ఇద్దరు. వారికి స్పెయిన్ దేశపు భాష వచ్చు. ఇంత దూరం ఏమి వెతుకుతూ వచ్చారని వారు అడుగగా, క్రైస్తవులను, సుగంధ ద్రవ్యాలను వెతుకుతూ వచ్చామని జవాబు వచ్చింది.

కాలికట్ రాజైన సామూతిరి అప్పుడు పొన్నానిలో ఉన్నాడు. వార్త తెలిసి నగరానికి తిరిగి వచ్చి, ఓడలను మరింత సురక్షితమైన పంతలాయిని రేవుకు మార్పించి, గామాకు స్వాగతం పలికించాడు. మే 28న గామా 13 మందితో ఒడ్డున దిగి పల్లకీలో రాజధానికి బయలుదేరాడు. దారిలో ఒక దేవాలయానికి తీసుకొనిపోగా, అది క్రైస్తవ మందిరమని భావించి వారు ప్రార్థన చేశారు. గోడల మీద అనేక హస్తాలు గల మూర్తుల చిత్రాలు చూసి కొందరికి సందేహం కలిగినా, అవి ఆ దేశపు పుణ్యపురుషుల చిత్రాలు కాబోలునని సరిపెట్టుకొన్నారు. మలయాళం నుండి అరబ్బీకి, అరబ్బీ నుండి పోర్చుగీసుకు సాగిన సంభాషణలో మాటలు మారినంత సులభంగా భావాలు మారలేదు. తాము చూడదలచుకొన్నదానినే వారు చూశారు.

సామూతిరి పచ్చని మఖమలు పరచిన ఆసనం మీద ఆనుకొని తాంబూలం సేవిస్తూ అతిథులను ఆదరించాడు. వారికి పండ్లు తెప్పించాడు. మరునాడు పోర్చుగల్ రాజు కానుకలను రాజోద్యోగులకు చూపినప్పుడు కథ మారిపోయింది. చారల బట్టలు 12, ఎర్రని తలముసుగులు 4, టోపీలు 6, పగడాల దండలు 4, కడుగుడు పళ్ళేలు 6, ఒక పెట్టె చక్కెర, నూనె, తేనె పీపాలు రెండేసి. ఇవి చూసి ఉద్యోగులు నవ్వారు. మక్కా నుండి వచ్చే పేద వర్తకుడు సైతం ఇంతకంటె మేలైనవి తెస్తాడని, రాజుకు కానుక ఇవ్వదలచితే బంగారం ఇవ్వాలని వారు అన్నారు. ఆఫ్రికా పడమటి తీరపు వ్యాపారానికి అలవాటుపడిన పోర్చుగీసువారు కాలికట్ ఎటువంటి నగరమో ముందుగా ఊహించలేకపోయారు.

వారి సరకులకు గిరాకీ రాలేదు. పోటీకి వచ్చిన కొత్తవారి పట్ల ముస్లిం వర్తకులకు అనుమానం కలగడం సహజమే. చివరలో సామూతిరి ఉద్యోగులు ఆచారం ప్రకారం సుంకం కోరి, ఒడ్డున ఉన్న పోర్చుగీసువారిని సరకుతో సహా ఆపారు. గామా ప్రతిగా ఓడ చూడడానికి వచ్చిన వారిలో కొందరిని బందీలుగా పట్టుకొన్నాడు. ఇచ్చిపుచ్చుకొనడం జరిగినా, అందరినీ విడిచిపెట్టక కొందరు మలబారు వాసులను తన వెంట తీసుకొనిపోయాడు. తన దేశంలో దాల్చిన, లవంగం, అల్లం, మిరియాలు, రత్నాలు సమృద్ధిగా ఉన్నవని, వాటికి బదులు బంగారం, వెండి, పగడాలు, ఎర్రని వస్త్రాలు కోరుతున్నానని సామూతిరి తాటాకు మీద వ్రాయించిన లేఖ కూడా అతనితో వెళ్ళింది. వ్యాపారం కోరే రాజు వ్రాయవలసిన లేఖయే అది.

తిరుగు ప్రయాణం

ఓడలు 1498 ఆగస్టు 29న కాలికట్ విడిచాయి. ఈసారి దారి చూపే గుజరాతీ నావికుని సలహా వారికి లేదు. ఈశాన్య ఋతుపవనం స్థిరపడే వరకు ఆగక, అక్టోబర్ 5న అంజదీవ్ దీవి నుండి నడిసముద్రంలోకి సాగారు. వచ్చేటప్పుడు 23 రోజులు పట్టిన సముద్రం దాటడానికి ఇప్పుడు మూడు నెలలు పట్టింది. గాలి లేని రోజులు, ఎదురుగాలి రోజులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. స్కర్వీ మళ్ళీ సోకి 30 మంది మరణించారు. ఒక్కొక్క ఓడలో పని చేయగలవారు ఏడెనిమిది మందికి మించి మిగలలేదు. 1499 జనవరిలో మలిందీ చేరినప్పుడు రోగులు ఆశగా కోరినది నారింజ పండ్లు. ఋతువును లెక్కచేయక బయలుదేరినందుకు వారు చెల్లించిన మూల్యం ఇది.

మూడు ఓడలు నడపడానికి మనుషులు చాలనందున సావ్ రాఫాయేల్ నౌకను దారిలో కాల్చివేశారు. మలిందీలో వారు నాటిన స్తంభం నేటికీ ఉన్నది. కొయెల్యో 1499 జూలై 10న లిస్బన్ చేరాడు. గామా అప్పటికి రాలేదు. అన్న పావులోకు జబ్బు ముదరగా, తన ఓడను మరొకరికి అప్పగించి, అన్నను ఒక చిన్న ఓడలో అజోర్స్ దీవులకు తీసుకొనిపోయాడు. పావులో అక్కడే మరణించాడు. అన్నను ఆ దీవిలోనే సమాధి చేసి, వేసవి చివర గామా లిస్బన్‌లో అడుగు పెట్టాడు. బయలుదేరినవారిలో తిరిగి వచ్చినది సుమారు మూడింట ఒక వంతు మాత్రమే.

రాజు గామాకు భారత సముద్రాల నౌకాధిపతి అనే బిరుదు, భరణం ఇచ్చాడు. తాను మాత్రం ఇథియోపియా, అరేబియా, పర్షియా, భారతదేశాల జయానికి, నౌకాయానానికి, వర్తకానికి ప్రభువునని బిరుదు ధరించాడు. ఆ దేశాలలో ఒక్క ఊరైనా అప్పటికి అతని అధీనంలో లేదు.

రెండవ యాత్ర: ఫిరంగుల రాజ్యం

1500లో కబ్రాల్ 13 ఓడలతో బయలుదేరి, దారిలో బ్రెజిల్ తీరాన్ని తాకి, కాలికట్ చేరాడు. గుడ్‌హోప్ అగ్రాన్ని మొదట చుట్టిన డయాజ్ ఈ యాత్రలోనే దక్షిణ అట్లాంటిక్ తుఫానులో మరణించాడు. కాలికట్‌లో వివాదం ముదిరి, పోర్చుగీసు గిడ్డంగి మీద జరిగిన దాడిలో యాభై మందికి పైగా చనిపోయారు. కబ్రాల్ నగరంపై ఫిరంగులు పేల్చి, సామూతిరితో వైరం ఉన్న కొచ్చిన్ రాజును ఆశ్రయించాడు.

దీనికి ప్రతీకారంగా 1502లో గామా సుమారు 20 ఓడలతో మళ్ళీ వచ్చాడు. మొదటి యాత్రలో పగడాల దండలతో వచ్చినవాడు ఈసారి ఫిరంగులతో వచ్చాడు. మలబారు తీరానికి సమీపంలో, మక్కా యాత్ర ముగించుకొని వస్తున్న మీరీ అనే ఓడను పట్టుకొన్నాడు. అందులో స్త్రీలు, పిల్లలతో సహా వందల మంది యాత్రికులు ఉన్నారు. వారు ఎంత ధనమైనా ఇస్తామన్నారు. స్త్రీలు తమ నగలను, చంకలోని బిడ్డలను ఎత్తి చూపి ప్రాణభిక్ష కోరారు. గామా అంగీకరించక, సరకు తీసుకొని ఓడను తగులబెట్టించాడు. ఈ సంగతి వ్రాసి ఉంచినవాడు పోర్చుగల్ శత్రువు కాదు. అదే దళంలో ప్రయాణించి, కళ్ళారా చూసిన తొమె లోపెస్. తన వారి చర్యను చూసి చలించిన మనుషులు ఆ దళంలోనూ ఉన్నారనడానికి అతని వ్రాతయే సాక్ష్యం.

తరువాత గామా కాలికట్ చేరి, నగరంలోని ముస్లిం వర్తకులందరినీ వెళ్ళగొట్టాలని సామూతిరిని కోరాడు. తరతరాలుగా తన రేవును నమ్ముకొని జీవిస్తున్న వర్తకులను వెళ్ళగొట్టడానికి సామూతిరి ఒప్పుకొనలేదు. గామా చేతికి చిక్కిన నిరపరాధులను ఉరితీయించి, నగరంపై ఫిరంగులు పేల్పించాడు. కొచ్చిన్, కన్ననూరులలో వ్యాపారపు ఒప్పందాలు చేసుకొని, మిరియాలతో నిండిన ఓడలతో 1503లో తిరిగి వెళ్ళాడు.

చివరి యాత్ర

అటుపైన 20 సంవత్సరాలు గామా స్వదేశంలోనే ఉన్నాడు. 1519లో అతనికి విదిగైరా కౌంట్ పదవి లభించింది. ఈలోగా పోర్చుగీసువారు 1510లో గోవాను, 1511లో మలక్కాను, 1515లో హోర్ముజ్‌ను వశపరచుకొన్నారు. అధికారం పెరిగినకొద్దీ అధికారుల అవినీతి కూడా పెరిగింది. రాజు సొమ్ము సొంత వ్యాపారాలకు మళ్ళింది. దానిని అరికట్టడానికి 1524లో రాజు మూడవ జాన్ గామాను వైస్రాయిగా పంపాడు. సెప్టెంబర్‌లో వచ్చిన గామా తప్పు చేసిన అధికారులను కఠినంగా శిక్షించసాగాడు. అయితే మూడు నెలలకే జబ్బుపడి, 1524 డిసెంబర్ 24న కొచ్చిన్‌లో మరణించాడు. నేడు సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి అని పిలిచే మందిరంలో అతనిని సమాధి చేశారు. ఆ సమాధి స్థలాన్ని ఇప్పటికీ యాత్రికులకు చూపుతారు. కొన్నేండ్లకు అస్థికలను పోర్చుగల్‌కు తీసుకొనిపోయారు. 1572లో కమొయిన్స్ అనే మహాకవి గామా మొదటి యాత్రను ఇతివృత్తంగా తీసుకొని వ్రాసిన లుసియాద్ కావ్యం పోర్చుగీసు జాతీయ కావ్యమయినది.

ఫలితాలు

గామా తెరచిన దారి వలన ప్రపంచ చరిత్ర మారిపోయిందనడం అతిశయోక్తి కాదు. ఐరోపా, ఆఫ్రికా, ఆసియా ఖండాలు ఒకే సముద్రమార్గంతో కలిశాయి. ఆ దారినే డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు వచ్చారు. 1611లో ఆంగ్లేయుల ఓడ మచిలీపట్నం చేరింది. డచ్చివారు అంతకు కొద్దికాలం ముందే అక్కడ స్థిరపడ్డారు. గోవాలో పోర్చుగీసు పాలన 1961 డిసెంబర్‌లో ముగిసే వరకు, నాలుగున్నర శతాబ్దాల పాటు, ఆ దారి ఫలితాలు భారతదేశాన్ని వదలలేదు.

సముద్రం మీద స్వేచ్ఛ తగ్గిపోయింది. పోర్చుగీసువారు కర్తాజ్ అనే అనుమతి పత్రం ప్రవేశపెట్టారు. అది కొనని ఓడను పట్టుకొని సరకు స్వాధీనం చేసుకొనేవారు. మొగలు చక్రవర్తుల కాలంలో హజ్ యాత్రికుల ఓడలు సైతం ఆ పత్రం తీసుకొనవలసి వచ్చింది. దీనిని మలబారు ప్రజలు ఊరక సహించలేదు. సామూతిరి నౌకాధిపతులైన కుంజాలి మరక్కారులు దాదాపు శతాబ్దం పాటు చిన్న చిన్న వేగవంతమైన పడవలతో పోర్చుగీసు ఓడలను ఎదిరించారు. హిందూ రాజు జెండా కింద ముస్లిం నావికులు చేసిన ఈ పోరాటం మన తీరప్రాంత చరిత్రలో స్మరణీయమైన అధ్యాయం. 1600లో నాలుగవ కుంజాలిని గోవాలో వధించారు. సామూతిరికీ అతనికీ నడుమ విభేదం వచ్చి, సామూతిరి పోర్చుగీసువారితో చేయి కలిపినందువలననే అది సాధ్యమయింది. మొదట కొచ్చిన్, కాలికట్ రాజుల వైరం, తరువాత సామూతిరి, కుంజాలిల విభేదం పరాయివారికి బలమైనవి.

మరొక వైపు, పోర్చుగీసు ఓడల ద్వారా అమెరికా ఖండపు పంటలు మన దేశానికి వచ్చాయి. మిరపకాయ, జీడిమామిడి, అనాస, బొప్పాయి, పొగాకు అట్లా వచ్చినవే. మిరియాలు తీసుకొనిపోవడానికి వచ్చినవారి వలననే మిరపకాయ తెలుగువారి వంటింటికి చేరడం చరిత్రలోని వింత. అనాస, అలమర, మేస్త్రి, పాదిరి వంటి పోర్చుగీసు మూలం గల మాటలు నేడు తెలుగులో కలిసిపోయాయి. పల్లెలో మేస్త్రిని పిలిచేవానికి అది పరభాషా పదమన్న తలంపు కూడా రాదు.

గామా స్థానం

1998లో గామా రాకకు 500 సంవత్సరాలు నిండాయి. లిస్బన్‌లో ఘనంగా ఉత్సవాలు జరిగాయి. ఒక పెద్ద వంతెనకు అతని పేరు పెట్టారు. భారతదేశంలో అనేకులు ఆ సందర్భాన్ని ఉత్సవంగా జరపడానికి అభ్యంతరం చెప్పారు. ఈ రెండు దృష్టులకు ఆధారమైన మనిషి ఒక్కడే. మూడు నెలలు నేల కనిపించని సముద్రంలో ధైర్యంగా నిలిచినవాడు, మరణిస్తున్న అన్న కొరకు విజయోత్సవాన్ని వదులుకొన్నవాడు, మీరీ ఓడలోని తల్లుల మొర ఆలకించనివాడు గామాయే. ఇందులో ఏ ఒక్కటి దాచినా చరిత్ర అసత్యమవుతుంది.

మొదటి యాత్రలో పాల్గొన్న ఒక వ్యక్తి వ్రాసిన దినచర్య ప్రతి 19వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చి, 1838లో అచ్చయింది. 2013లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. కాలికట్ చేరిన కథ మనకు వివరంగా తెలియడానికి అదే ముఖ్య ఆధారం. మలిందీ నుండి దారి చూపిన గుజరాతీ నావికుడు వ్రాసినదేదీ మనకు లభించలేదు. అతడు తన ఇంటికి తిరిగి చేరాడో లేదో తెలియదు. భారతదేశానికి సముద్రమార్గం కనుగొన్నది ఎవరని విద్యార్థులు అడిగినప్పుడు గామా పేరు చెప్పడం న్యాయమే. ఆ మార్గంలోని చివరి 23 రోజులు నడిపించినవాడు ఈ సముద్రపు మనిషి అని, ఆ సముద్రంపై రాకపోకలు అంతకు శతాబ్దాల ముందే ఉన్నవని కూడా వారికి చెప్పడం అంతే న్యాయం.